ఫైర్‌వాల్ పెట్టాకే సైట్ పడిపోయింది: కాన్‌ట్రాక్ టేబుల్ నిండిపోతోంది, ఏం చేయాలి?

మాక్‌టెస్ట్_మురళి

పోటీ పరీక్షలకి మాక్ టెస్టులు పెట్టే సైటు నడుపుతున్నాను. సర్వర్ ఒక్కటే. 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, డెబియన్ 12. ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, రెడిస్ అన్నీ దానిమీదే.

రెండు వారాల కిందట దాడి జరిగింది. 443 పోర్టు మీద సగంలో వదిలేసిన కనెక్షన్లు వేలల్లో కనిపించాయి. అరగంట సైట్ రాలేదు, తర్వాత దానంతటదే సద్దుమణిగింది. అప్పటిదాకా ఫైర్‌వాల్ అన్నదే లేదు. భయమేసి ఆ రాత్రే కూర్చుని ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) రూల్స్ పెట్టాను. పైనుంచి కిందకి వరుస ఇదీ:

ఐసీఎంపీ (పింగ్, దారిలో రౌటర్లు పంపే కబుర్లు) మొత్తం డ్రాప్. లూప్‌బ్యాక్ (సర్వర్ తనతో తాను మాట్లాడుకునేది, 127.0.0.1) అనుమతి. ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ అనుమతి. ఇన్‌వాలిడ్ డ్రాప్. ఒక ఐపీ నుంచి 20 కనెక్షన్లు దాటితే డ్రాప్. 22, 80, 443 పోర్టులకి కొత్త కనెక్షన్లు అనుమతి. ఇన్‌పుట్ చైన్ పాలసీ డ్రాప్, అంటే లోపలికొచ్చేవాటిలో ఏ రూల్‌కీ సరిపోలనిదంతా డ్రాప్.

మొన్న ఆదివారం పొద్దున 10 గంటలకి గ్రాండ్ టెస్ట్. 4,000 మంది రాస్తున్నారు, ఫైర్‌వాల్ లేని ఆదివారాల్లో ఇంతమందితోనూ బాగానే నడిచింది. 10:06కి సైట్ నత్తనడక, 10:10కి చాలామందికి అసలు తెరుచుకోలేదు. కెర్నెల్ లాగ్ చూస్తే కాన్‌ట్రాక్ టేబుల్ (ఫైర్‌వాల్ ఒక్కో కనెక్షన్‌నీ రాసుకునే పట్టిక) నిండింది, ప్యాకెట్ వదిలేస్తున్నాం అన్న మెసేజ్ వందల్లో ఉంది. కంగారులో రూల్స్ ఫ్లష్ చేశాను (తుడిచేశాను), డ్రాప్ పాలసీ మాత్రం మిగిలి నా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) కూడా పోయింది. హోస్టింగ్ వాళ్ళ వెబ్ కన్సోల్ నుంచి లోపలికెళ్ళి పాలసీ మార్చేసరికి 11 అయింది. పిల్లలు రెండు గంటల టెస్టు కోసం వారమంతా చదువుకుని కూర్చున్నారు. వాళ్ళకి నేనేం చెప్పను?

మళ్ళీ దాడి జరిగిందా? ఫైర్‌వాల్ ఉండి కూడా ఎందుకు ఆగలేదు? వచ్చే ఆదివారం ఇంకో టెస్టు ఉంది.

గోదారిగట్టు

కాన్‌ట్రాక్ తీసిపారేయండి. స్టేట్ (ఏ కనెక్షన్ ఏ దశలో ఉందన్న గుర్తు) లేకుండా పోర్టు నంబర్లతోనే రూల్స్ రాసుకోండి. చిన్న సర్వర్లకి ఈ లెక్కలు బరువు.

రాత్రిడ్యూటీ

@గోదారిగట్టు ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేం కదండీ. స్టేట్ లేకపోతే ఈ సర్వర్ బయటికి పంపిన డీఎన్‌ఎస్ (సైటు పేరుకి ఐపీ అడిగే) ప్రశ్నకి జవాబు ఎలా లోపలికి రానిస్తారు? సోర్స్ పోర్టు 53 నుంచి వచ్చేదంతా రానివ్వాలి. అప్పుడు దాడి చేసేవాడు కూడా 53 నుంచే పంపుతాడు.

మురళి గారూ, ముందు నాలుగు అంకెలు చెప్పండి. కాన్‌ట్రాక్ మ్యాక్స్ విలువ ఎంత? ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు కౌంట్ ఎంత? పీహెచ్‌పీ నుంచి రెడిస్‌కి, మైఎస్‌క్యూఎల్‌కి ఎలా వెళ్తున్నారు, 127.0.0.1 తోనా, సాకెట్ ఫైలుతోనా? టెస్టు రాసేటప్పుడు బ్రౌజర్ ఎన్ని సెకన్లకోసారి సర్వర్‌ని అడుగుతుంది?

మాక్‌టెస్ట్_మురళి

మ్యాక్స్ 65536. నేను మార్చలేదు, వచ్చిందే. ఇప్పుడు కౌంట్ 1,900 చిల్లర. రెడిస్, మైఎస్‌క్యూఎల్ రెండూ 127.0.0.1. పర్సిస్టెంట్ కనెక్షన్లు లేవు, ప్రతి రిక్వెస్టుకీ కొత్తగా తెరిచి మూస్తుంది. జవాబులు 15 సెకన్లకోసారి ఆటోసేవ్ అవుతాయి.

రాత్రిడ్యూటీ

అయితే దాడి చేసింది ఎవరూ కాదండీ. లెక్క చూడండి.

4,000 మంది, 15 సెకన్లకోసారి: సెకనుకి సుమారు 267 రిక్వెస్టులు. ఒక్కోదానికి లోపల రెండు కనెక్షన్లు, రెడిస్‌కి ఒకటి, మైఎస్‌క్యూఎల్‌కి ఒకటి. సెకనుకి 533. కనెక్షన్ మూసేశాక కూడా కాన్‌ట్రాక్‌లో దాని ఎంట్రీ టైమ్-వెయిట్ స్థితిలో 120 సెకన్లు ఉంటుంది, డిఫాల్ట్ అది. 533 ని 120 తో గుణిస్తే 64,000. మీ టేబుల్ 65,536. దానికి బయటి నుంచి వచ్చిన పిల్లల కనెక్షన్లు కలపండి. సరిగ్గా మీరు చెప్పిన టైముకే నిండాలి, నిండింది. టేబుల్ అంచుకొచ్చినప్పుడు కెర్నెల్ కొన్ని ఎంట్రీలని ముందే తీసేయాలని చూస్తుంది. ఈ వేగానికి అది చాలదు.

గోదారిగట్టు

ఆగండాగండి. లూప్‌బ్యాక్‌ని ఆయన రెండో రూల్‌లోనే అనుమతించాడు కదా. ఇంక లెక్కలోకి ఎందుకొస్తుంది? పైగా ఇంతకుముందు ఆదివారాలు ఇదే 4,000 మందితో బాగానే నడిచింది కదా?

రాత్రిడ్యూటీ

మంచి ప్రశ్నలు. అనుమతి వేరు, లెక్క వేరు. ప్యాకెట్ మీ ఇన్‌పుట్ చైన్‌కి చేరకముందే కాన్‌ట్రాక్ దాన్ని చూసి ఎంట్రీ తయారుచేస్తుంది. లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ అయినా అంతే. మీ రూల్ వచ్చేది ఆ తర్వాత.

రెండోది. ఇప్పటి కెర్నెళ్ళలో కాన్‌ట్రాక్ అడిగితేనే పనిలోకి దిగుతుంది. స్టేట్ చూసే రూల్ గానీ, నాట్ (చిరునామాలు మార్చే) రూల్ గానీ ఒక్కటైనా పెడితే అప్పటినుంచి మొత్తం ట్రాఫిక్‌ని లెక్కపెట్టడం మొదలు. పాత ఆదివారాల్లో ఫైర్‌వాలే లేదు కాబట్టి లెక్కా లేదు.

మాక్‌టెస్ట్_మురళి

రెండు రాత్రులు నిద్రపోలేదు సార్, ఎవడో పగబట్టాడనుకుని.

కొత్తగా_నేర్చుకుంటున్నా

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. స్టేట్‌ఫుల్ అంటే అసలు ఏం గుర్తుపెట్టుకుంటుంది? ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ అని అందరూ కాపీ కొడతారు, అర్థం ఎవరూ చెప్పరు.

లినక్స్_లక్ష్మి

గుడి బయట చెప్పుల స్టాండు ఊహించుకో. వచ్చినవాడికి టోకెన్ ఇస్తారు, పుస్తకంలో రాసుకుంటారు. ఇక్కడ టోకెన్ అంటే ఐదు విషయాలు: ఎక్కడినుంచి, ఏ పోర్టు, ఎక్కడికి, ఏ పోర్టు, ఏ ప్రోటోకాల్.

మొదటిసారి వచ్చిన ప్యాకెట్ న్యూ. అవతలి నుంచి జవాబు కూడా కనిపించాక ఎస్టాబ్లిష్డ్. ఉన్న కనెక్షన్‌కి సంబంధించి పక్కనుంచి వచ్చేది రిలేటెడ్, ఉదాహరణకి ఫలానా ప్యాకెట్ చేరలేదు అని దారిలో రౌటర్ పంపే ఐసీఎంపీ కబురు. పుస్తకంలో లెక్క కుదరనిది ఇన్‌వాలిడ్.

యూడీపీకి నిజానికి కనెక్షన్ అనేదే లేదు. అయినా ప్రశ్న వెళ్ళాక 30 సెకన్లు టోకెన్ ఉంచుతుంది, ఆలోపు జవాబొస్తే తీసుకుంటుంది. టీసీపీ ఎస్టాబ్లిష్డ్ అయితే డిఫాల్ట్ 4,32,000 సెకన్లు. అంటే ఐదు రోజులు.

ఓరుగల్లు_పోరడు

ఐదు రోజులా! అవతలోడు ఫోన్ ఆఫ్ జేసి పండుకున్నా టోకెన్ గట్లనే ఉంటదా?

లినక్స్_లక్ష్మి

కనెక్షన్ మూస్తున్నానని చెప్పకుండా మాయమైతే ఉంటుంది. అందుకే వెబ్ సర్వర్ల మీద దాన్ని ఒక గంటకో రెండు గంటలకో తగ్గించుకుంటారు. నేను 7,200 పెడతాను. మరీ తగ్గిస్తే మాట్లాడకుండా ఉన్న ఎస్ఎస్‌హెచ్, డేటాబేస్ కనెక్షన్లు తెగుతాయి, కీప్‌అలైవ్ పెట్టుకోవాలి.

మురళి గారి విషయంలో జరిగింది ఏంటంటే, స్టాండు నడిపేవాళ్ళు తమ చెప్పులకి కూడా సెకనుకి 533 టోకెన్లు తీసుకుంటున్నారు. భక్తులకి మిగల్లేదు.

డల్లాస్_తెలుగోడు

లెక్క బాగుంది కానీ మొదటి దాడి మాత్రం నిజమే కదా. 443 మీద సగం తెరిచిన కనెక్షన్లంటే అది సిన్ ఫ్లడ్, అంటే కనెక్షన్ తెరవమని అడిగే మొదటి ప్యాకెట్లని (సిన్) వరదలా పంపడం. దానికి సిన్‌ప్రాక్సీ పెట్టాలి. కెర్నెల్ 3.12 నుంచే ఉంది. నేనైతే ఈ రాత్రే పెట్టేస్తా.

రాత్రిడ్యూటీ

@డల్లాస్_తెలుగోడు ఆదివారం టెస్టు పెట్టుకుని కొత్త సంగతి తెచ్చి నెత్తిన పెట్టొద్దండీ. ముందు ఇల్లు చక్కబెట్టుకోనివ్వండి. సిన్ కుకీలు లినక్స్‌లో ఎప్పటినుంచో డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉన్నాయి.

డల్లాస్_తెలుగోడు

ఇక్కడే చాలామంది పొరబడతారు. సిన్ కుకీ టీసీపీ లిజన్ క్యూని కాపాడుతుంది. కాన్‌ట్రాక్‌ని కాపాడదు. సిన్ ప్యాకెట్ టీసీపీ దాకా వెళ్ళకముందే కాన్‌ట్రాక్‌లో ఎంట్రీ పడిపోతుంది. జవాబు రాని సిన్-రిసీవ్డ్ ఎంట్రీ 60 సెకన్లు ఉంటుంది. 65,536 ని 60 తో భాగిస్తే సెకనుకి 1,100 సిన్ ప్యాకెట్లు చాలు ఆ టేబుల్‌ని ఆక్రమించడానికి. అది చాలా చిన్న దాడి.

అంటే దాడికి తట్టుకోవాలని పెట్టిన ఫైర్‌వాలే కొత్త బలహీనత అవుతుంది. మురళి గారికి ఇదివరకు లేని గోడ వచ్చింది, ఆ గోడకి 65,536 ఇటుకలే ఉన్నాయి.

రాత్రిడ్యూటీ

ఈ మాట ఒప్పుకుంటున్నాను. కుకీకీ కాన్‌ట్రాక్‌కీ సంబంధం లేదన్నది నిజం. ఒక్క సవరణ: జవాబు పూర్తవని ఎంట్రీలని, అంటే అష్యూర్డ్ ముద్ర పడనివాటిని, టేబుల్ నిండినప్పుడు కెర్నెల్ ముందుగా తోసేస్తుంది. అందుకని 1,100 దగ్గరే ఠక్కున కూలిపోదు. కానీ ఆ తోపులాటలో నిజమైన పిల్లల కొత్త కనెక్షన్లు కూడా కొట్టుకుపోతాయి.

కొత్తగా_నేర్చుకుంటున్నా

సిన్ కుకీ అంటే?

డల్లాస్_తెలుగోడు

1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లో పానిక్స్ అనే ఇంటర్నెట్ ప్రొవైడర్ మీద సిన్ ఫ్లడ్ వచ్చి రోజుల తరబడి ఇబ్బంది పెట్టింది. అప్పట్లో ప్రతి సిన్‌కీ సర్వర్ మెమరీలో జాగా ఉంచి ఎదురుచూసేది, ఆ జాగా చాలా తక్కువ. అదే నెలలో డేనియల్ బెర్న్‌స్టీన్ ఈ ఆలోచన చెప్పాడు: జాగా ఉంచొద్దు, గుర్తుపెట్టుకోవాల్సినదంతా జవాబులో పంపే సీక్వెన్స్ నంబర్‌లోనే దాచి పంపేయ్. నిజమైనవాడైతే ఆ నంబర్‌కి ఒకటి కలిపి తిరిగి పంపుతాడు, అప్పుడు గుర్తుపడదాం. దొంగ చిరునామా పెట్టుకున్నవాడికి ఆ జవాబు అందనే అందదు.

సిన్‌ప్రాక్సీ ఇదే పనిని ఫైర్‌వాల్ దగ్గర చేస్తుంది. 443 కి వచ్చే సిన్ ప్యాకెట్లని రా టేబుల్‌లో (కాన్‌ట్రాక్ కంటే ముందే నడిచే రూల్స్) నోట్రాక్ చేస్తాం, అంటే టోకెన్ ఇవ్వం. చేతులు కలపడం పూర్తిచేసినవాడికే టోకెన్. దాంతోపాటు కాన్‌ట్రాక్ టీసీపీ లూజ్ అనే సెట్టింగ్‌ని సున్నా చేయాలి.

ఓరుగల్లు_పోరడు

లూజ్ గురించి జెర చెప్పన్నా. నేను గది ఎన్నడూ ముట్టలే.

డల్లాస్_తెలుగోడు

డిఫాల్ట్ 1. అంటే మధ్యలోంచి ఊడిపడ్డ ఏసీకే (అందింది అని చెప్పే) ప్యాకెట్‌ని కూడా "ఏదో పాత కనెక్షన్ అయ్యుంటుంది, ఫైర్‌వాల్ రీస్టార్ట్ అయిందేమో" అని మంచి మనసుతో న్యూ కింద రాసుకుంటుంది. ఏసీకే ఫ్లడ్ చేసేవాడికి అది వరం. సున్నా చేస్తే అవన్నీ ఇన్‌వాలిడ్, మురళి గారి నాలుగో రూల్‌లో పోతాయి. సున్నా చేయలేకపోతే కనీసం "న్యూ, కానీ సిన్ కాదు" అన్నదాన్ని డ్రాప్ చేసే రూల్ ఉండాలి. డ్రాప్ అయిన కొత్త ప్యాకెట్‌కి టేబుల్‌లో ఎంట్రీ స్థిరపడదు.

సీమ_సర్వర్

అందరూ టేబుల్ గురించే మాట్లాడతాండారు. ఆ 20 కనెక్షన్ల రూల్ సంగతి చూడండప్పా. మురళన్నా, నీ పిల్లలు హాస్టళ్ళలో ఉండేవాళ్ళా?

మాక్‌టెస్ట్_మురళి

సగం మంది అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళే అన్నా. అవనిగడ్డలో డీఎస్సీకి చదివేవాళ్ళు కూడా ఎక్కువే.

సీమ_సర్వర్

చూడు మరి. హాస్టల్లో అరవై మందికి ఒకే వైఫై, బయటికి ఒకే ఐపీ. ఒక్కొక్కరికి ఒక కనెక్షన్ అనుకున్నా ఇరవై మంది లోపలుంటే మిగతా నలభై మంది బయట. మొబైల్ డేటా ఇంకా ఘోరం, ఐపీవీ4 మీద వేలమంది ఒక్క ఐపీ వెనకాల ఉంటారు. సీజీనాట్ అంటారు దాన్ని. నువ్వు దాడి చేసేవాడిని ఆపుతాండా అనుకుంటివి, ఆగింది మాత్రం పేద పిల్లోళ్ళు. సొంత రూములో సొంత కనెక్షన్ ఉండేవాడికి ఏమీ కాలేదు.

మాక్‌టెస్ట్_మురళి

అయ్యో. ముందు ఆదివారం చిన్న టెస్టు పెడితే అశోక్‌నగర్ నుంచి ఒకమ్మాయి మెయిల్ చేసింది, "మా రూమ్మేట్‌కి వస్తోంది, నాకు రావట్లేదు" అని. క్యాష్ క్లియర్ చేసుకోమని జవాబిచ్చాను. ఈరోజే ఆమెకి క్షమాపణ రాస్తాను.

ఓరుగల్లు_పోరడు

గా రూల్ పూరాగ తీసెయ్యాల్నా మరి? నేను ఒక కాలేజీ సర్వర్ చూస్త. ఐపీకి 300 పెట్టిన, ఇప్పటిదాంక లొల్లి లేదు. కనెక్షన్ల లెక్క గాకుండ కొత్త కనెక్షన్ల వేగం మీద హ్యాష్‌లిమిట్ పెడితె ఇంక మంచిది. సెకన్‌కు 50 కొత్తవి, ఒక్కసారిగ వస్తె 200 దాంక ఓర్చుకో అని. టెస్ట్ షురువు అయినంక ఆటోసేవ్ అంత పాత కనెక్షన్ మీదనే నడుస్తది కద, వేగం లెక్క దానికి తగలది.

లినక్స్_లక్ష్మి

@ఓరుగల్లు_పోరడు చెప్పినట్టు వేగం మీద పెట్టడమే మేలు. కానీ ఆ అంకె ఎవరి దగ్గరా కాపీ కొట్టొద్దు. ముందు వారం పాటు డ్రాప్ చేయకుండా లెక్క మాత్రమే చూడండి, మీ పెద్ద హాస్టల్ ఎంత లాగుతుందో తెలుస్తుంది. దానికి రెండు మూడింతలు పెట్టండి.

నాకు కంగారు పుట్టిస్తున్న ప్రశ్న ఇంకోటి ఉంది మురళి గారూ. మీ సర్వర్‌కి ఐపీవీ6 ఉందా? ఆ రూల్స్ ఐపీ6టేబుల్స్‌లో కూడా పెట్టారా?

మాక్‌టెస్ట్_మురళి

ఐపీవీ6 ఉంది మేడమ్, హోస్టింగ్ వాళ్ళు ఇచ్చారు. ఐపీ6టేబుల్స్‌లో ఏమీ పెట్టలేదు. అది వేరే అని తెలీదు.

లినక్స్_లక్ష్మి

ముందు ఇది చదివిన వెంటనే బయటి మెషీన్ నుంచి మీ ఐపీవీ6 చిరునామాకి 3306 (మైఎస్‌క్యూఎల్), 6379 (రెడిస్) పోర్టులు తెరుచుకుంటున్నాయా చూడండి. మిగతా చర్చంతా తర్వాత.

మాక్‌టెస్ట్_మురళి

రెడిస్ 127.0.0.1 మీదే వింటోంది, అది బయటికి లేదు. మైఎస్‌క్యూఎల్ తెరుచుకుంది. బైండ్ అడ్రస్ అన్ని ఇంటర్‌ఫేస్‌లకీ ఉంది, ఎప్పుడో ఇంటినుంచి కనెక్ట్ అవడానికి మార్చినట్టున్నాను. ఇప్పుడే 127.0.0.1 కి మార్చి రీస్టార్ట్ చేశాను. లాగ్‌లో బయటివాళ్ళ లాగిన్ ప్రయత్నాలున్నాయి, ఏదీ లోపలికి రాలేదు. చేతులు వణుకుతున్నాయి.

రాత్రిడ్యూటీ

పాస్‌వర్డులన్నీ కూడా మార్చేయండి, ఎందుకైనా మంచిది. లక్ష్మి గారు అడక్కపోతే ఈ తలుపు అలాగే ఉండేది.

లినక్స్_లక్ష్మి

ఇక్కడ మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 చాలా ఎక్కువ. మీ పిల్లల్లో పెద్ద భాగం ఐపీవీ6 మీదే వస్తూ ఉండొచ్చు, అంటే మీ రూల్స్ వాళ్ళని చూడనే లేదు. అందుకే ఐపీటేబుల్స్ తర్వాత వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కి మారండి అంటాను. కెర్నెల్ 3.13 నుంచి, అంటే 2014 నుంచి ఉంది. డెబియన్ 10 నుంచి మీరు కొట్టే ఐపీటేబుల్స్ కమాండ్ కూడా లోపల దాన్నే నడుపుతోంది. అందులో ఐనెట్ అనే ఫ్యామిలీలో ఒక్కసారి రాస్తే ఐపీవీ4, ఐపీవీ6 రెండింటికీ వర్తిస్తుంది. ఫైలు మొత్తం ఒక్క దెబ్బకి లోడ్ అవుతుంది, ఎక్కడైనా తప్పుంటే ఏదీ మారదు. సగం రూల్స్ పడి సగం పడని పరిస్థితి రాదు.

ఒక హెచ్చరిక. మీ మొదటి రూల్, ఐసీఎంపీ మొత్తం డ్రాప్, దాన్ని ఐపీవీ6కి తీసుకెళ్తే సర్వర్ మూగబోతుంది. ఐపీవీ4లో ఏఆర్‌పీ చేసే పని ఐపీవీ6లో ఐసీఎంపీ చేస్తుంది. పక్కవాడెవరో కనుక్కునే ఆ కబుర్లు 133 నుంచి 136 రకాలు. వాటిని కాన్‌ట్రాక్ లెక్కలోకి తీసుకోదు కాబట్టి ఎస్టాబ్లిష్డ్ రూల్ కూడా వాటిని కాపాడదు, విడిగా అనుమతించాలి.

గోదారిగట్టు

ఐపీవీ4లో మాత్రం పింగ్ ఆపితే తప్పేంటి? స్కాన్ చేసేవాడికి కనపడకుండా ఉంటుంది కదా.

రాత్రిడ్యూటీ

443 తెరిచి ఉంచిన సర్వర్ పింగ్ ఆపినంత మాత్రాన దాక్కోదు గోదారిగట్టు గారూ. పింగ్ ఆపాలనుకుంటే ఎకో రిక్వెస్ట్ ఒక్కటీ ఆపండి. మురళి గారు అన్నిటికంటే పైన మొత్తం ఆపేశారు. దాంతో "ప్యాకెట్ పెద్దదైంది, చిన్నది పంపు" అని దారిలో రౌటర్ చెప్పే కబురు కూడా పోతుంది. ఐపీవీ4లో అది టైప్ 3, కోడ్ 4. పీపీపీఓఈ (లాగిన్‌తో కలిపే పద్ధతి) మీద ఉండే ఫైబర్ ఇళ్ళలో ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492, మామూలు 1500 కంటే తక్కువ. ఆ కబురు అందకపోతే లాగిన్ పేజీ వస్తుంది, పెద్ద ప్రశ్నపత్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చాలా రౌటర్లు ఎమ్‌ఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే టీసీపీ డేటా సైజు) ముందే సర్దేస్తాయి కాబట్టి అందరికీ రాదు, కొంతమందికే వస్తుంది. అలాంటి ఫిర్యాదు పట్టుకోవడం నరకం, నేను ఒకసారి పదకొండు రోజులు తిరిగాను.

ఐసీఎంపీ రూల్ తీసేస్తే చాలు, ఈ కబుర్లన్నీ రిలేటెడ్ కింద వాటంతటవే వస్తాయి. స్టేట్‌ఫుల్ వల్ల ఉన్న అసలు సుఖం అదే.

గోదారిగట్టు

ఒప్పుకున్నా. నా సర్వర్‌లోనూ అదే రూల్ ఉంది. ఇప్పుడే తీసేశా.

సీమ_సర్వర్

ఫైర్‌వాల్ ఉన్నాదిలే అని ధైర్యంగా ఉండే వాళ్ళకి నా సంగతి ఒకటి చెప్పాల. యూఎఫ్‌డబ్ల్యూ (ఫైర్‌వాల్ రూల్స్ సులువుగా రాసే టూలు) పెట్టినా, 22, 443 తప్ప అన్నీ మూసినా. డాకర్లో (కంటైనర్లు నడిపేది) రెడిస్ నడిపినా, పోర్టు 6379 పబ్లిష్ చేసినా. రెండు రోజులకి సీపీయూ వంద శాతం. ఎవడో రెడిస్ ద్వారా దూరి కాయిన్ మైనర్ పెట్టినాడు.

డాకర్ నాట్ టేబుల్లో తన రూల్స్ తానే రాసుకుంటాది. ప్యాకెట్ ఇన్‌పుట్ చైన్‌కి రానే రాదు, ఫార్వర్డ్ దారిలో కంటైనర్‌కి పోతాది. యూఎఫ్‌డబ్ల్యూ ఇన్‌పుట్ కాడ కాపలా కూర్చోనుంటే దొంగ పెరటి గుండా పోయినట్టు. అప్పటినుంచి పబ్లిష్ చేసేటప్పుడు ముందు 127.0.0.1 తగిలిస్తా. బయటికి ఇవ్వాల్సినవాటికి డాకర్-యూజర్ చైన్లో రూల్స్ రాస్తా.

ఓరుగల్లు_పోరడు

అన్నా నాది గూడ గట్లనే ఉన్నది డాకర్ల. ఇప్పుడే చూస్త.

ఓరుగల్లు_పోరడు

రెండు తెరిచి ఉన్నయ్. మూసిన. సీమ అన్నకు దండం.

మాక్‌టెస్ట్_మురళి

ఇంకో అనుమానం. ఆ మొదటి దాడి తర్వాత రోజు ఒక ఐపీ నుంచి లాగిన్ పేజీ మీద తెగ ప్రయత్నాలు జరిగాయి. ఆ ఐపీని డ్రాప్ చేస్తూ చివర్లో రూల్ కలిపాను. అయినా వస్తూనే ఉంది. పైకి తెచ్చి పెట్టేదాకా ఆగలేదు. ఎందుకు?

రాత్రిడ్యూటీ

మొదట సరిపోలిన రూలే తీర్పు. వాడి కనెక్షన్ అప్పటికే ఎస్టాబ్లిష్డ్, పైన ఉన్న రూల్‌లోనే లోపలికెళ్ళిపోతున్నాడు. చివర్లో పెడితే కొత్త కనెక్షన్లు కూడా 443 అనుమతిలో దాటేస్తాయి. నిషేధాల జాబితా ఎస్టాబ్లిష్డ్ కంటే పైన ఉండాలి. లేదా రూల్ పెట్టాక కాన్‌ట్రాక్ టూల్‌తో ఆ ఐపీ ఎంట్రీలని తుడిచేసి, టీసీపీ లూజ్ సున్నాలో ఉంచాలి. లూజ్ ఒకటి ఉంటే తుడిచిన కనెక్షన్ మధ్యలోంచే మళ్ళీ పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో అయితే దీనికి సెట్ పెట్టుకోండి. టైమౌట్ ఇవ్వొచ్చు, గంట తర్వాత ఐపీ దానంతటదే జాబితాలోంచి పోతుంది. ఆ ఐపీ వెనకాల రేపు ఏ హాస్టల్ ఉంటుందో మనకి తెలీదు కాబట్టి శాశ్వత నిషేధం నేనెప్పుడూ పెట్టను.

కొత్తగా_నేర్చుకుంటున్నా

ఇవన్నీ పెడితే ఎంత పెద్ద దాడినైనా ఆపొచ్చా?

డల్లాస్_తెలుగోడు

లేదు తమ్ముడూ. 1 గిగాబిట్ లైను మీద అతి చిన్న ప్యాకెట్లు గరిష్ఠంగా సెకనుకి 14.88 లక్షలు పడతాయి. అంతకంటే ఎక్కువ పంపితే మీ లైనే నిండిపోతుంది, మీ రూల్ ఎంత గొప్పదైనా ప్యాకెట్ మీ దాకా వచ్చాకే కదా చూసేది. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీదకి సెకనుకి 1.35 టెరాబిట్లు వచ్చాయి. ఎవరెవరివో మెమ్‌క్యాష్‌డ్ (డేటాని మెమరీలో ఉంచే) సర్వర్లు యూడీపీ 11211 పోర్టు ఫైర్‌వాల్ లేకుండా తెరిచి ఉంచితే, వాటికి దొంగ చిరునామాతో చిన్న ప్రశ్న పంపి పెద్ద జవాబుని గిట్‌హబ్ మీదకి మళ్ళించారు. గిట్‌హబ్ ట్రాఫిక్‌ని దాడులు వడకట్టే పెద్ద నెట్‌వర్క్ మీదకి మార్చి బయటపడింది. సొంత సర్వర్‌లో రూల్ రాసి కాదు.

అలాంటిదొస్తే హోస్టింగ్ వాళ్ళు, లేదా ముందు నిలబడే ప్రాక్సీ సర్వీసు, వాళ్ళే దిక్కు. ఆ ఫోన్ నంబర్, టికెట్ పేజీ ముందే రాసిపెట్టుకోండి. ప్రాక్సీ పెడితే మీ అసలు ఐపీకి 443 మీద ఆ ప్రాక్సీ చిరునామాల్ని మాత్రమే రానివ్వండి, లేకపోతే పాత ఐపీ తెలిసినవాడు నేరుగా వస్తాడు.

లినక్స్_లక్ష్మి

సంస్థగా రిజిస్టర్ అయి ఉంటే ఇంకోటి. సెర్ట్-ఇన్ (సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడిని గుర్తించిన 6 గంటల్లోపు వాళ్ళకి తెలియజేయాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. డీడాస్ (చాలా చోట్ల నుంచి ఒకేసారి ముంచెత్తే దాడి) ఆ జాబితాలో ఉంది.

ఓరుగల్లు_పోరడు

లాగ్ అంటే యాదికొచ్చింది. డ్రాప్ అయిన ప్రతి ప్యాకెట్‌ను లాగ్ జెయ్యకుండ్రి. నేను లిమిట్ పెట్టక ఒక్క రాత్రిల డిస్క్ నిండింది, డేటాబేస్ ఆగింది. నిమిషానికి పది చాలు. మిగిలింది కౌంటర్ చెప్తది.

మాక్‌టెస్ట్_మురళి

ఈ ఆదివారం లోపు ఏది ముందు చేయమంటారు? నేను ఒక్కడినే.

రాత్రిడ్యూటీ

మొదటిది, రెడిస్‌నీ మైఎస్‌క్యూఎల్‌నీ సాకెట్ ఫైలు మీదకి మార్చండి. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌కి 127.0.0.1 బదులు లోకల్‌హోస్ట్ అని రాస్తే సాకెట్ ఫైలే వాడుతుంది. ఆ ట్రాఫిక్ నెట్‌వర్క్ దారిలోకే రాదు, టోకెన్ అవసరమే ఉండదు. మిగిలిన లూప్‌బ్యాక్ ట్రాఫిక్‌కి రా టేబుల్‌లో ప్రీరూటింగ్, అవుట్‌పుట్ రెండు చోట్లా నోట్రాక్ పెట్టండి, లూప్‌బ్యాక్ అనుమతి రూల్ ఎలాగూ ఉంది.

తర్వాత మ్యాక్స్‌ని 2,62,144 చేయండి. ఎంట్రీకి మూడొందల బైట్ల పైచిలుకు, పూర్తిగా నిండినా ఎనభై తొంభై ఎమ్‌బీ. మీ 4 జీబీకి పర్వాలేదు. హ్యాష్ బకెట్లు (ఎంట్రీలని పంచి ఉంచే గళ్ళు) కూడా దామాషాగా పెంచండి, లేకపోతే వెతుకులాటకే సీపీయూ పోతుంది. 20 కనెక్షన్ల రూల్, ఐసీఎంపీ రూల్ తీసేయండి. ఐపీవీ6 లక్ష్మి గారు చెప్పినట్టు. లూజ్ సున్నా చేయండి. సిన్‌ప్రాక్సీ ఆదివారం దాటాక, డల్లాస్ గారిని దగ్గరుంచుకుని చేద్దురు.

రూల్స్ మార్చేటప్పుడు ఐపీటేబుల్స్-అప్లై వాడండి. మీరు అవునని చెప్పకపోతే పాత రూల్స్‌కి అదే వెనక్కి వెళ్తుంది. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కి మారితే, ఐదు నిమిషాల తర్వాత పాత ఫైలు లోడ్ చేసేలా ఎట్ కమాండ్‌తో పని పెట్టి అప్పుడు మార్చండి. ఇంకో విండోలో కొత్తగా ఎస్ఎస్‌హెచ్ అయ్యాకే ఆ పని రద్దు చేయండి. ఉన్న విండో పనిచేస్తోందంటే అది ఎస్టాబ్లిష్డ్ కాబట్టే కావచ్చు.

డల్లాస్_తెలుగోడు

దగ్గరుంటా. ఇక్కడ రాత్రయితే మీకు పొద్దున, పనికొస్తుంది.

మాక్‌టెస్ట్_మురళి

ఆదివారం అయింది. 4,300 మంది రాశారు. పొద్దున 9:30 నుంచి కౌంట్ మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. 10:20కి అత్యధికంగా 9,100, అంతే. టెస్టు అయిపోయేదాకా ఒక్క ప్యాకెట్ కూడా టేబుల్ వల్ల పోలేదు. ఐపీవీ6 కౌంటర్ చూస్తే వచ్చినవాళ్ళలో సగానికి పైగా అటే. అశోక్‌నగర్ అమ్మాయి రాసి, తనకీ రూమ్మేట్‌కీ ఒకేసారి తెరుచుకుందని మెయిల్ పెట్టింది.

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు.

సీమ_సర్వర్

శానా సంతోషం మురళన్నా.

ఓరుగల్లు_పోరడు

రీబూట్ జేసి చూసినవా అన్నా? రూల్స్, మ్యాక్స్ అన్నీ మళ్ళ వచ్చినయా?

మాక్‌టెస్ట్_మురళి

చేయలేదు. ఇప్పుడు సైట్ ఖాళీగానే ఉంది, చేస్తాను.

మాక్‌టెస్ట్_మురళి

రూల్స్ వచ్చాయి. మ్యాక్స్ మాత్రం మళ్ళీ 65536 అయింది! సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగుల) ఫైల్లో రాసి పెట్టాను కదా?

రాత్రిడ్యూటీ

బూట్‌లో సిస్‌కంట్రోల్ ఫైలు చదివే సమయానికి కాన్‌ట్రాక్ మాడ్యూల్ ఇంకా లోడ్ కాలేదు, అందుకని ఆ లైను వదిలేసి ముందుకెళ్ళింది. మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి ఎన్‌ఎఫ్ కాన్‌ట్రాక్ పేరు రాయండి. లూజ్, టైమౌట్ విలువలు కూడా వెనక్కి పోయి ఉంటాయి, చూసుకోండి.

మాక్‌టెస్ట్_మురళి

అవును, అవీ పోయాయి. ఫైలు పెట్టి మళ్ళీ రీబూట్ చేశాను. 2,62,144. లూజ్ సున్నా. ఎస్టాబ్లిష్డ్ 7,200.